కట్ చేసి, అతికించే లోపు

ముప్పై ఏళ్లు చర్చి ఆర్గన్లకు శ్రుతి సరిచేసి బతికాను.
సస్కాచెవాన్ మైదానంలో
గోధుమ గోదాము ఒకటి, చర్చి ఒకటి, మిగతాదంతా మంచు.
అంతే ఊరంటే.
గొట్టాల్లో ఎలుకలు గూళ్లు పెట్టేవి.
పొడి చలికి చెక్క బిగుసుకుని
ఏదో ఒక మెట్టు ఆగకుండా అరుస్తూనే ఉండేది.
వాయించేవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు.
ఇప్పుడు అవే చర్చీలకు వెబ్‌సైట్లు.
ఎలుక నా అరచేతి కిందికొచ్చింది.

పొద్దున్నే ఏడింటికి పాస్టర్ ఐవర్ ఫోను:
"మన సైటు తెరిస్తే 'సురక్షితం కాదు' అంటోంది, వాల్డెమార్.
ఒక పెద్దావిడ చదివి నన్ను నిలదీసింది,
దేవుడి ఇంటికే దిక్కు లేదా అని."
సర్టిఫికెట్ గడువు తీరిపోయిందండీ, అన్నాను.
"ఎవరిది?" అన్నాడాయన, గొంతు తగ్గించి.

తెక్లా ఊరగాయల మీద బ్లాగు రాస్తుంది.
బీట్‌రూట్ జాడీ ఫొటో పక్కకి పడుకుందట.
"మెడ వంచి చూస్తే బానే ఉంది గానీ
చదివేవాళ్లందర్నీ మెడలు వంచమని ఎలా అడగను?"

ఇంకొకాయన పాస్‌వర్డు కోసం
మూడు రోజులు ఊరంతా వెతికాడు.
పిల్లి చంకలోనే ఉంది:
కీబోర్డు అడుగున అతికించిన చీటీ,
ఆయన దస్తూరీయే.

"నేనేం నొక్కలేదు" అనే మొదలుపెడతారు అందరూ.
ఆర్గన్ల కాలంలోనూ ఇదే మాట.
నొక్కకుండా ఏదీ దానంతటది మోగదని నాకు తెలుసు,
అయినా సరేనంటాను.
తప్పు పట్టానంటే మళ్లీసారి అడగరు,
అడగకుండా ఇంకేదో నొక్కుతారు.

నిన్న రాత్రి హెడ్విగ్.
బయట మైనస్ ముప్పై ఎనిమిది.
ఆమె వంటింట్లో కెటిల్ ఈల వేస్తోంది,
దించడం లేదు.
"ఒక పేరుని ఒక పేజీలోంచి
ఇంకో పేజీకి ఎలా మార్చాలి?"

పదకొండేళ్లుగా వాళ్ల చర్చి సైటు నడిపేది ఆమే.
ఒకసారి నాకు చేతకాకపోతే
ఆ పని నాకు నేర్పిందీ ఆమే.
ఏ పేజీలోంచి, అని అడిగాను.
అడగకుండా ఉండాల్సింది.
"స్వస్థత కోసం ప్రార్థించండి, అన్న పేజీలోంచి."
ఎక్కడికో చెప్పలేదు.
ఆంటన్ పేరు ఏప్రిల్ నుంచీ ఉంది అందులో.

ఓదార్పు నాకు రాదు. వచ్చింది చెప్పాను:
మొదటి అక్షరం ముందు కర్సర్ పెట్టు.
చివరిదాకా మెల్లిగా లాగు, వెనకాల నీలం పరుచుకుంటుంది.
కట్ నొక్కు.
పేరు మాయమవుతుంది, కంగారుపడకు.
రెండో పేజీలో అతికించేదాకా
అది ఎక్కడా కనబడదు,
యంత్రం జ్ఞాపకంలో ఉంటుంది.
ఆ లోపు ఇంకేదీ కాపీ చెయ్యకు.
చేశావంటే దీని చోట్లో అది కూర్చుంటుంది.

"ఎంతసేపుంటుంది అలా?"

కంప్యూటర్ ఆపేదాకా.

"ఆపకపోతే?"

ఉంటుంది, అన్నాను.

కెటిల్ దించిన చప్పుడు.
కప్పు ఒకటే పెట్టిందో, రెండు పెట్టిందో.
"అయితే ఈ రాత్రికి ఇలాగే వదిలేస్తాను," అంది,
నేను కరెంటు గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను,
ఈ మంచుకి తీగలు తెగకుండా ఉంటే బాగుండునని.

పొద్దున లేచి చూశాను.
రెండు పేజీల్లోనూ లేడు ఆంటన్.
మొదటి జాబితాలో మోకాలి ఆపరేషనుకీ
ఎవరిదో మనవరాలి జ్వరానికీ మధ్య
ఒక చుక్క, దాని పక్కన ఏమీ లేదు.
ఇక్కణ్ణుంచే చెరిపెయ్యగలను, ఒక్క నొక్కుతో.
ఇలాంటివి సరిచెయ్యడమే నా పని.

ఫోను మోగింది. తెక్లా.
ఫొటో ఇప్పుడు తలకిందులైందట.
"నేనేం నొక్కలేదు," అంటోంది.
నేనూ నొక్కలేదు, అన్నాను.