అజీమ్ రేవులో

పడవ కోసం బండ్ల బారు ఉప్పుకళ్ల దాకా పాకింది.
నా ముందు పెళ్లివారి బస్సు, వెనక గొర్రెల లారీ.
నా తెల్ల పెజో వ్యాన్‌లో ఆరు పెట్టెల కణవలు,
రెండు పెట్టెల కత్తిపరిగలు, వాటి మీద ఐసు.
డీజిలు ఇంజను గుడగుడమంటూ
అడుగు కదిలి, పావుగంట నిలబడి,
మళ్లీ అడుగు.

సూది ఎర్రగీత దాటాక గాని చూడలేదు.
అప్పటికే బానెట్ అంచుల్లోంచి
కుస్కుసు గిన్నె మూత ఎత్తినట్టు ఆవిరి.
"చన్నీళ్లు పోసేవు, పగిలి చస్తుంది!"
గొర్రెలవాడు కిటికీలోంచి అరిచాడు.
పొయ్యలేదు. ఆ మాత్రం తెలుసు.
వెనక మంచు, ముందు మంట,
నడుమ ఒక రేకు గోడ, దానికి ఆనుకుని నేను.

షెద్లీ మామ కొట్టు కూతవేటు దూరం.
నలుగురం తోసుకుంటూ తీసుకెళ్లాం.
ఫ్యూజు బాగుంది. రిలే టిక్కుమంది.
బ్యాటరీ నుంచి రెండు తీగలు లాగి
ఫ్యాను మోటారుకి నేరుగా అంటించాడు.
ఓ నిప్పురవ్వ. అంతే.
రెక్కని వేలితో నెట్టాడు:
పంటి నొప్పితో రొట్టె నమిలేవాడిలా
అరచుట్టు తిరిగి, ములిగి, ఆగింది.

"ఇది ఇవాళ పోయింది కాదురా.
చలికాలంలోనే పోయి ఉంటుంది."

ఎలా నమ్మను?
తమ్ముడు హసూనాని మట్టిలో పెట్టిన మర్నాటి నుంచి
వాడి పడవ అమ్మి, ఈ బండి కొని,
మెద్‌నీన్ సంతకి వారానికి ఐదుసార్లు,
తొంభైలో, వందలో,
ఎక్కడా టీకి కూడా దిగకుండా తిరుగుతున్నాను.
ఒక్కనాడూ వేడెక్కలేదు.

"పరిగెత్తేవాడికి గాలి ఊరికే వస్తుంది,"
పళ్ల మధ్య బోల్టు పట్టుకుని అన్నాడు మామ.
"ఫ్యానుతో పని ఆగినప్పుడు."

మూడు బోల్టులు మాట విన్నాయి.
నాలుగోది ఉప్పుగాలికి తుప్పు పట్టి
తల తెగి చేతిలోకొచ్చింది; బూతు ఒకటి దాని వెంటే వచ్చింది.
రేడియేటరు దువ్వెన పళ్ల నిండా
మిడత కాళ్లు, తూనీగ రెక్కలు,
ఎవరిదో లాటరీ టికెట్టు ముక్క.
పాత మోటారు విప్పితే
బొగ్గు బ్రష్షు నువ్వుగింజంత మిగిలింది.

కుర్రాడు ఖమాయిస్ మోపెడ్ మీద పోయి
పాతసామాన్ల దిబ్బలోంచి ఒక ఫ్యాను పట్టుకొచ్చాడు.
ముందుభాగం నుజ్జైన బండిదట. ఎవరి బండో అడగలేదు.
అరవై దినార్లన్నాడు.
నలభై, రెండు కిలోల కణవలకి కుదిరింది.
ప్లగ్గు కలవలేదు. తీగలు కోసి ముడేశారు,
రెండూ నల్లవే, ఏది ఏదో దేవుడికెరుక.

తిరిగింది! హోరుమని తిరిగింది.
కుర్రాడు ఈల వేశాడు. నేను జేబులో చెయ్యి పెట్టాను.
మామ మాత్రం పాత పేపరు ముక్క చింపి
గ్రిల్లు ముందు పెట్టి వదిలాడు.
కాగితం ఎగిరొచ్చి నా మొహాన కొట్టుకుంది.

"తప్పు. పీల్చాలి ఇది. ఊదుతోంది.
ఇలాగే పోతే ఎదురుగాలితో కుస్తీ పట్టి
మెద్‌నీన్ చేరకముందే కాలిపోను."

తీగలు తారుమారు చేశాడు.
మళ్లీ కాగితం.
ఈసారి మిఠాయికొట్టు అద్దానికి
పసివాడి అరచెయ్యిలా అతుక్కుంది.

నీళ్లు పోశాం, చిన్న మర తిప్పి గాలి తీశాం,
ఇంజను నడుస్తూ ఉండగా కూచున్నాం.
ఎనభై ఐదు. తొంభై.
ఎన్నాళ్లయిందో ఒకచోట ఇంతసేపు కూచుని.
టీ గ్లాసు చేతికిచ్చాడు. తాగాను.
తొంభై ఆరు. ఎవరం మాట్లాడలేదు.
టిక్.

ఆఖరి పడవ దొరికింది.
ఐసు సగం నీరై వెనక తలుపు సందులోంచి కారుతోంది,
కణవల ధర రేపు ఎటూ తగ్గుతుంది.
నడిసముద్రంలో ఇంజను కట్టేసి, తాళం తీసి
రెయిలింగు దగ్గర నిలబడ్డాను.
చీకట్లో వ్యాను ఇంకా హోరుమంటోంది.

పక్కన ఒక పాప, తల్లి కొంగు వదలకుండా అడిగింది:
"మామా, లోపల ఎవరున్నారు?"
"ఎవరూ లేరమ్మా" అన్నాను.
అది ఆగేదాకా ఇద్దరం విన్నాం.