ఎదురు ట్యూబు

పొద్దున రాగానే ముందు దాని మీట నొక్కుతాను.
లోపల ఏమీ పెట్టకుండా కాసేపు ఉత్తినే తిప్పుతాను,
నాలుగు డిగ్రీలకు దిగేదాకా.
బయట అల్లూరు రోడ్డు మీద
రోహిణి కార్తె తారును మెత్తబెడుతుంటే
గది మూల, బల్ల మీద,
బియ్యం డబ్బా అంత పెట్టెలో
ధనుర్మాసం మొదలవుతుంది.

ఇసకపల్లి నుంచి పామంజి పోలయ్య వచ్చాడు.
బండి హ్యాండిలుకు తగిలించిన ఆక్సిజన్ కవరు,
అందులో కనురెప్ప వెంట్రుకలంత రొయ్య పిల్లలు.
"ఆరు లచ్చల సీడు మేడమ్. హేచరీ వాళ్ళు
సాయంత్రం దాకే ఆగతామన్నారు."

అగ్గిపుల్లంత రోకలితో నూరాను.
మందు పోశాను.
ట్యూబు గుంటలో దించాను, మూత కీలు బయటివైపుకు.
ఎదురు గుంటలో, తూచి,
నీళ్ళు పోసిన ట్యూబు.

"నాది ఒకటే గదా, ఆ రెండోది ఎవురిది?"
ఎవరిదీ కాదు, నీళ్ళు.
"నీళ్ళకేం జబ్బని తిప్పతుండారు?"

నవ్వొచ్చింది. చెప్పాను.
చేరిన కొత్తలో ఒకరోజు ఎదురు పెట్టడం మరిచాను.
మిషను ఊగింది, గుడగుడమంది,
బల్ల మీద నడుచుకుంటూ అంచుదాకా వచ్చేసింది.
ఖాదర్‌బాషా సార్ వట్టి కాళ్ళతో పరిగెత్తి ప్లగ్గు పీకాడు.
ఒక్క మాట అనలేదు.
ఆ రోజంతా నాతో తూకం వేయించాడు,
నీళ్ళకు నీళ్ళు, నీళ్ళకు నీళ్ళు,
చీకటి పడేదాకా.

నిమిషానికి పన్నెండు వేల చుట్లు.
పోలయ్య చెవి దగ్గర పెట్టి విన్నాడు.
"మా ఏరియేటరుది దగ్గు. ఇది శ్రుతి పట్టినట్టుండాది."
తర్వాత తనంతట తనే అన్నాడు:
"పోయిన పంటలో ముప్పైతొమ్మిదో రోజు.
తెల్లారి లేసి చూస్తే గట్టు మీద కొంగలు, వరసాగ్గా.
అవి చెప్పినాకనే నాకు తెలిసింది."

ఏడో నిమిషంలో కరెంటు పోయింది.
శ్రుతి సన్నగిల్లి, సన్నగిల్లి, ఎక్కడో ఆగింది.
తెరవమన్నాడు.
తెరవదు, కరెంటు వచ్చిందాకా మూత తెరవదు.
మూత మీద నా అరచెయ్యి,
కింద చల్లగా, చీకట్లో, ఎదురెదురుగా
ఆయన చెరువూ, ఎవరివీ కాని నీళ్ళూ.
ఇరవై నిమిషాలు మేము మాట్లాడుకోలేదు.

మొదటి తిప్పుడులో అడుగున మడ్డి వదిలేసి
పైతేట ఉంచుకుంటాను.
రెండో తిప్పుడులో తేట పారబోసి అడుగు ఉంచుకుంటాను.
ఏది మడ్డి, ఏది సారం,
ఎన్నోసారి తిప్పుతున్నామో దాన్ని బట్టి.
ఆ సారం కూడా గోటి మీద సున్నపు చుక్కంత.
ఒక్కోసారి అదీ కనపడదు.
కీలు కింద గోడకు అంటుకుని ఉంటుందని నమ్మి
పిపెట్టు కొన అటు తగలకుండా
ఊపిరి బిగబట్టి వంచుతాను.

ఐదున్నరకు గీత కనపడింది.
సన్నటి గీతే. ఇంకోసారి చూశాను.
ఎలా చెప్పాలో వెతుక్కుంటుంటే
ఆయనే నా మొహం చదివాడు.
హేచరీకి ఫోను చేసి వద్దన్నాడు.
అడ్వాన్సు సంగతి వాళ్ళేదో గట్టిగా అంటున్నారు,
విని, పెట్టేశాడు.
ఖాళీ కవరు మడిచి జేబులో పెట్టుకున్నాడు.
గడప దాటుతూ తిరిగి చూశాడు.
"ఈసారి కొంగలకన్నా మీరే ముందు చెప్పారు."
అది మెచ్చుకోలో, మరేదో
ఇప్పటికీ తెలీదు నాకు.

రాత్రి మిషను ఆపి
లోపలి చెమ్మ పాత పంచె ముక్కతో తుడిచాను.
తెల్లారేలోగా ఆరాలని మూత తెరిచే ఉంచాను.
నోరు తెరుచుకుని నిద్రపోయే మనిషిలా ఉంది.
నీళ్ళ ట్యూబును పారేయబోయి
వెలుతురుకు ఎత్తి చూశాను.
తేటగా ఉంది. ఒక చుక్క కూడా తగ్గలేదు.
రేపటికి పనికొస్తుందని
స్టాండులో నిలబెట్టాను.