రాయి తగిలేదాకా

నీళ్ళకి కాదన్నాడు భృంగయ్యస్వామి,
రాయి తగిలేదాకా దించమన్నాడు.
నిలబడితే నా మొలతాడు దాకా వస్తాడు.
కాషాయం మాత్రం మామూలు కొలతదే,
మడిచి మడిచి కట్టుకుంటాడు.

రాతి కడుపున పుట్టామని
ఆ పొట్టివాళ్ళ మాట.
ముత్తవ్వ చెప్పిందట,
ఆవిడకెవరు చెప్పారో అడగలేదట.
వైనతేయ ఒడ్డున ఏడిళ్ళుండేవి.
ఇప్పుడు ఆ గుళ్ళో దీపం పెట్టేవాడూ
ఆ గోత్రం చెప్పుకునేవాడూ ఇతనొక్కడే.

నలభై అడుగులకి నల్ల ఒండ్రు.
తొంభైకి ఇసుక, మెరుపుల ఇసుక.
నూటపదికి ఆలిచిప్పలు, ఉప్పు వాసన.
ప్రతి కుప్ప దగ్గరా చతికిలబడి
చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు,
మంత్రం మధ్యలో మరిచినవాడిలా.

గొట్టాలైపోయాయి.
"లంకల్లో రాయెక్కడిది స్వామీ,
మా ఇంట్లో రోలు కూడా
రాజమండ్రి నుంచి పడవెక్కి వచ్చిందే" అన్నాను.

"మరి ఈ ఇసుక?"

"అదీ అంతే. ఎగువనెక్కడో కొండ అరిగి..."
నా మాట నాకే వినబడి
ఆగిపోయాను.

చాలాసేపటికి లేచాడు.
కూలి లెక్కపెట్టాడు,
ఇరవై తక్కువైతే చక్కెరకేళి గెల ఇచ్చాడు.
గుప్పెడు ఇసుక కొంగున ముడేసుకుని
ఏటిగట్టు దిగి
ఎగువకి నడిచాడు.

ఒండ్రులో ఆ అడుగులు చూసి
ఎవరి పిల్లాడో తప్పిపోయాడని
రేవులో సూరమ్మ
ఒకటే కేకలు.