రెండు రోజుల ముందు

న్యూఫౌండ్‌లాండ్ ఉత్తర తీరంలో
మంచుకు ఒక్క పేరు చాలదు.
నీళ్లు అంబలిలా చిక్కబడితే స్లాబ్,
నూకలా తేలుతూ పడవ పక్కకు రాసుకుంటే సిష్,
అలల తుంపర రాళ్ల మీద గడ్డకట్టి
ఒడ్డుకు అంచు కుడితే బాలికాటర్.
ఈ మాటలు ఎవరు పుట్టించారో తెలియదు.
చలికి పెదాలు బిగిసిన ఎవరో
పొదుపుగా వాడుకుని
పక్కవాడికి ఇచ్చిపోయారు.

ఇలైజా బజెల్ వాటిని ఏరాడు.
దీపస్తంభం కాపలా ఉద్యోగం, రాత్రుళ్లు పొడుగు.
రేవులో ముసలాళ్లకు పొగాకు పంచి
మాటకో కథ అడిగి రాసుకున్నాడు.
తొంభై ఆరు పేజీలు, రెండు వందల ప్రతులు,
సగం అప్పు మీద అచ్చు.
పంతొమ్మిది వందల డెబ్భై రెండులో పోయాడు,
ఆ అప్పు తీరకుండానే.

ఇప్పుడు రెండు ప్రతులు మిగిలాయి.
ఒకటి థెల్మా పార్డీ చూసుకునే లైబ్రరీలో,
రెండోది ఎక్కడుందో ఆమె చెప్పదు.
"ఆయన బతికుండగా ఎవడైనా దొంగ అచ్చు వేసుంటే
గొడ్డలి పట్టుకుని నేనే వెళ్లేదాన్ని.
కానీ పోయి యాభై ఏళ్లు.
సమాధి రాయి మీద పేరే అరిగిపోయింది,
పుస్తకం మీద తాళం అరగదా?"

చట్టమూ అదే అనేది.
యాభై ఏళ్లు, ఆపైన అందరిదీ.
రెండు వేల ఇరవై మూడు, జనవరి ఒకటి.
మూడు చలికాలాలు కూర్చుని
పుస్తకమంతా టైపు చేసింది థెల్మా.
బడిపిల్లలకు నలభై ప్రతులు కుట్టడానికి
దారం కూడా కొంది, నీలంది.

యాభై డెబ్భై అయింది.
డిసెంబరు ముప్పై నుంచి అమలు.
ఒడ్డు రెండు తెడ్ల దూరంలో ఉండగా
మంచు మూసుకుపోయిన పడవ.
ఒట్టావాలో ఎవరికీ ఇలైజా పేరు తెలియదు,
ఆయన మీద కోపంతో చేసింది కాదు.
కోపంతో చేసుంటే
కనీసం ఎవరినైనా తిట్టేది.

వారసుల కోసం వెతికింది.
ఆల్బర్టాలో, చమురు బావుల దగ్గర వంట చేసే డోర్కస్,
ఇలైజా చెల్లెలి మనవరాలు, ఫోనెత్తింది.
"తాత పుస్తకం రాశాడా? మాకెవరూ చెప్పలేదే.
నాదో కాదో తెలియనిదాన్ని
ఇచ్చేస్తున్నానని సంతకం ఎట్లా పెట్టను?"
వెనక గిన్నెలు మోగుతున్నాయి.

మన భాషలో పోరంబోకు అంటే తిట్టు.
అసలు అర్థం ఎవరి పట్టాలోనూ ఎక్కని నేల.
ఊరి గొడ్లు మేసేది అక్కడే,
సెంటు భూమి లేనివాడిని పూడ్చేదీ అక్కడే.
ఇలైజా మాటలు ఏరింది ఆ పోరంబోకులోనే.
కంచె వేసుకున్నాడు, తప్పు లేదు,
చాకిరీ ఆయనది.
కంచె కర్రలే,
ఆయన పోయాక కూడా
చిగుళ్లు వేస్తున్నాయి.

నలభై ఒకటో పేజీలో, సిష్ గురించి,
ఒక వాక్యం ఉంది.
థెల్మా నాకు ఫోన్లో చదివి వినిపించింది.
వారం రోజులు దాన్నే నములుతూ తిరిగాను.
ఒక్క వాక్యానికి ఎవరూ పట్టుకోరులే అంది.
ఇక్కడ రాద్దామనే కూర్చున్నాను.

.

ఈ ఖాళీ ఇంకో ఇరవై ఏళ్లు ఆయనది.

టైపు కాగితాలు నీలం దారంతో కట్టి
సొరుగులో పెట్టింది.
కవరు మీద ఒకటి, ఒకటి, రెండు వేల నలభై మూడు.
అప్పటికి ఆమెకు ఎనభై తొమ్మిది.
ఎవరికి అన్నచోట చాలాసేపు పెన్ను ఆపి
"ఆ రోజు ముందు తలుపు తీసినవాళ్లకి" అని రాసింది.

మాటలకు మాత్రం తాళం లేదట, లాయరు చెప్పాడు.
వాక్యాలకే.
మార్చిలో, రేవు చివర,
లైల్ అనే ఎనిమిదేళ్లవాడిని పక్కన నిలబెట్టి
నీళ్ల వైపు చూపించింది.
వాడు ముక్కు తుడుచుకుని
"స్లాబ్" అన్నాడు.
"కాదు," అంది,
"నోరు మూసుకుని విను."