ఉండాల్సిన ఇరవై

"కుక్కను పట్టుకోండి!"
అర్వైహేర్‌లో ఏ గుమ్మం ముందైనా
మొదటి పలకరింపు అదే.
ప్రశ్నలు ఆ తర్వాత.

ఖండ్‌సురెన్ రెండు వందల నలభై సార్లు
ఆ మాట అరిచింది.
మైనస్ ఇరవై ఏడులో
బాల్‌పెన్ను గడ్డకడితే చంకలో పెట్టి కరిగించి,
చివరికి విసుగొచ్చి పెన్సిలుకు మారి,
రెండే ప్రశ్నలు అడిగింది:
పొయ్యిలో ఏం వేస్తారు?
మూడు వారాలు దాటిన దగ్గు
ఇంట్లో ఎవరికైనా ఉందా?

కట్ట తెచ్చి నా బల్ల మీద పడేసి
"ఉప్పు టీ తాగీ తాగీ కడుపు సముద్రమైంది,
ఇక నీ లెక్క నువ్వు చూసుకో" అంది.

నా లెక్క చిన్నది.
మూడు అడ్డ వరుసలు, రెండు నిలువు వరుసలు,
ఆరు గళ్లు.
బొగ్గు ఇళ్లు వంద, పిడకల ఇళ్లు వంద,
కరెంటు హీటరు ఇళ్లు నలభై.
దగ్గు ఉన్నవి నూట ఇరవై,
లేనివి నూట ఇరవై,
కత్తితో కోసినట్టు.

కై వర్గ పరీక్ష
ముందు ఒక అబద్ధం నమ్మమంటుంది.
పొయ్యికీ ఊపిరికీ
ఏ చుట్టరికమూ లేదనుకో, అంటుంది.
అనుకున్నాను.
అప్పుడు దగ్గుని బంతిలో వడ్డించినట్టు
అందరికీ పంచాలి:
బొగ్గుకి యాభై, పిడకలకి యాభై,
కరెంటుకి ఇరవై.

అలాంటి ఊరు ఎక్కడా లేదు.
ఎవరి పొయ్యీ ఎవరినీ ఏమీ అనని
ఆ ఊరి పక్కన
మా ఊరిని నిలబెట్టి ఎత్తు చూడటమే
నా ఉద్యోగం.

బొగ్గు గడిలో యాభై ఎనిమిది.
పిడకల గడిలో యాభై రెండు.
రెండు ఎక్కువంటే
గుడారం తలుపు తీసి మూసేలోపు పోయే వెచ్చదనమంత,
దాన్ని పట్టించుకోను.
కరెంటు గడిలో పది.
ఉండాల్సింది ఇరవై.

తేడాని వర్గం చేస్తే
మిగులుకీ లోటుకీ ఒకటే మొహం.
ఉండాల్సిన దానితో భాగించి
ఆరు గళ్లవీ కూడితే
పన్నెండు పాయింట్ ఏడు రెండు.
గళ్లలో రెండు నోరు విప్పితే చాలు,
మిగతా నాలుగూ మొత్తాలు చెప్పినట్టు
తలూపుతాయి.
అందుకే స్వాతంత్ర్యాంకం రెండు,
గీత అయిదు పాయింట్ తొమ్మిది తొమ్మిది దగ్గర.
గుర్రం పిల్లకాలువ దాటినట్టు
దాటేసింది.

అబద్ధం కూలింది.
కూల్చింది ఎవరని గడి గడీ వెతికితే
పన్నెండు చిల్లరలో పది
కరెంటు వరుసదే.
దగ్గిన వాళ్లు కాదు,
దగ్గని ఇళ్లు వచ్చి సాక్ష్యం చెప్పాయి.

అక్కడితో ఇంటికి పోవాల్సింది.
దగ్గిన ఆ పది ఇళ్ల కాగితాలు తీశాను.

నూట డెబ్బై మూడో ఫారం. త్సెర్మా.
కరెంటు హీటరు, అప్పు మీద కొన్నది.
ఇద్దరు ఆడపిల్లలు.
చిన్నదానికి అక్టోబరు నుంచి దగ్గు.
అంచున ఖండ్‌సురెన్ పెన్సిలు:
"కంచె అవతల నాలుగు బొగ్గు పొయ్యిలు.
సాయంత్రం పొగ ఇటే దిగుతుంది."

పరీక్షకి ఇంకో షరతు ఉంది,
పాఠ్యపుస్తకంలో సన్న అక్షరాల్లో:
ఒక ఇంటి జవాబు
ఇంకో ఇంటి జవాబుని తాకకూడదు.
చెక్క కంచెలు ఎత్తుగానే ఉన్నాయి,
ప్రతి కంచె వెనకా కుక్క ఉంది.
పొగని చూసి
ఏ కుక్కా మొరగలేదు.

మా పెద్దాయన గొంబోసురెన్
ఒక్క ముక్కలో చెప్పమన్నాడు,
సంబంధం ఉందా, లేదా?
ఉంది, అన్నాను.
ఎవరి పొయ్యికి, ఎవరి ఊపిరికి
అని ఆయన అడగలేదు.
షరతు సంగతి నివేదిక చివర
నాలుగు వాక్యాల్లో రాశాను.
అంతవరకు చదివాడో లేదో తెలియదు.

వచ్చే చలికాలం ఫారంలో
మూడో ప్రశ్న చేర్చాను:
మీ పక్కింట్లో ఏం వేస్తారు?

ఖండ్‌సురెన్ చదివింది,
బూట్ల వైపు చూసుకుంది.
"మళ్లీ రెండు వందల నలభై కప్పులా!" అని,
పెన్సిలు చెక్కడం మొదలుపెట్టింది.