ఇస్కపల్లి ఫీడరు

నేను రిటైరయిన రోజు
అల్లూరు సబ్‌స్టేషన్ వాళ్ళు శాలువాతో బాటు
ఒక పాత లాగ్‌బుక్కు కూడా చేతిలో పెట్టారు.
"తోచనప్పుడు చదువుకోండి సార్,
మన చెంచురామయ్య సాహిత్యం."

అందులో
వాన కురవదు, పాన కురుస్తుంది.
ఫ్యూజు పోదు, ఘూజ్యు పోతుంది.
ఉప్పుగాలికి తుప్పుపట్టి వంగేది
స్తంభం కాదు, సంబ్తం.
ప్రతి మాట చుట్టూ ఎర్ర సిరా సున్నా.
ఆ సున్నాలు నావి.

టీ వేళకి గట్టిగా చదివేవాణ్ణి,
గొంతు మార్చి, లేని ఒత్తుల్ని ఒత్తి ఒత్తి.
ట్రాన్స్‌ఫార్మరు హోరు కూడా వినపడనంత నవ్వు.
చెంచురామయ్యా నవ్వేవాడు,
చేతిలో కటింగ్ ప్లేయరు తెరుస్తూ, మూస్తూ.

"ఐటీఐ పాసయినోడివి,
వా కీ పా కీ తేడా తెలీదంటయ్యా?"
"తెలుసు సార్. రాయబొయ్యేతలికి అయి ఎగురుతాయి."
గుంటలో రొయ్యల సంగతి చెప్తున్నాడేమో అన్నట్టు
మళ్ళీ నవ్వాం.

ప్రమోషన్ లిస్టు వచ్చిన ఏడు
అతని పేరు పక్కన నేను రాసింది
ఒక్క తప్పు లేని వాక్యం:
"బాధ్యత గల పనికి తగిన అక్షరజ్ఞానం లేదు."
ఒత్తు ధా, క్షా, జ్ఞా,
అన్నీ ఎక్కడివక్కడ.

ఇప్పుడతన్ని మహానుభావుణ్ణి చెయ్యబోవడం లేదు నేను.
రాత్రిపూట కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే
తెల్లారేసరికి రొయ్యలు తెల్లగా తేలతాయి.
చీకట్లో, వానలో, స్తంభమెక్కాడు, నిజమే.
మిగతావాళ్ళూ ఎక్కారు, అదీ నిజమే.
ఒకసారి తప్పు జంపరు కలిపి
సగం ఊరి బల్బులు మాడ్చాడు కూడా.
మామూలు మనిషి.
నవ్వులపాలు కాకుండా ఉండాలంటే
మామూలు మనిషి ఎన్ని స్తంభాలెక్కాలి?

మొన్న మా మనవరాలు మోక్షిత
(తన పేరు తను యోషిక్త అని రాసుకుంటుంది)
సోషల్ నోట్సు తెచ్చింది సంతకానికి.
ఉప్పు సత్యాగ్రహం గురించి రాయమంటే
ఒకే ఒక్క మాట: "ఉపు."
నోటితో అడిగాను.
అరగంట చెప్పింది,
ఎండ, నడక, కర్ర, పిడికిట్లో తడి మన్ను.
"ఇదంతా రాయొచ్చు కదమ్మా?"
"పొట్టిగా రాస్తే తప్పులు తక్కువొస్తాయి తాతా."

పొగతోటలో డాక్టరమ్మ దానికో పేరుందంది.
డిస్లెక్సియా.
చీటీ మీద రాసుకోబోయి
రెండుసార్లు కొట్టేశాను.
ఆమె నవ్వలేదు.

ఆ రాత్రి బీరువా తీసి
లాగ్‌బుక్కు మొదటిసారి చదివాను.
అంటే, నవ్వకుండా.

మొదటి నెలల్లో పేజీ నిండా రాసేవాడు.
"సావిడి దగర తాడి యట పైరుకి తగులుతుండాది.
గాలి తూపుర్ తిరిగితే తెగుద్ది సార్."
మట్ట, వైరు, తూర్పు:
మూడు మాటలకీ మూడు సున్నాలు చుట్టాను.
మట్ట మాత్రం కొట్టించలేదు.
ఆ నెలాఖరుకి గాలి తిరిగింది.
వైరు తెగి పడింది, కింద ఎవరిదో గేదె.
ఆ రోజు పేజీలో "గేద" అని ఉంది.
దానికీ చుట్టాను.

తర్వాత తర్వాత
పుస్తకంలో వాన తగ్గింది. గాలి పడిపోయింది.
తాళ్ళు, కొంగలు, ఉప్పు పేరుకున్న పింగాణీ గిన్నెలు
ఒక్కటొక్కటే లైను దిగి వెళ్ళిపోయాయి.
చివరి అరవై పేజీల్లో
టైము, సంతకం, మధ్యన రెండక్షరాలు.
ఓకే.
ఓకే.
ఓకే.

వాటి చుట్టూ ఒక్క సున్నా లేదు.
ఒకచోట మాత్రం, ఎర్రగా, నా దస్తూరీలోనే,
"వెరీ గుడ్" అని ఉంది.