చిరుగు ఎక్కడ పడాలి

హోబార్ట్ రేవులో జూలై చలి. మ్యూజియం వెనక గదిలో
హీటరు ముందు నా కాళ్ళు, తెర ముందు నా కళ్ళు.
గుండ్రటిదాన్ని చాపలా పరవమని
పదకొండు లైన్ల కోడ్ రాశాను.

బత్తాయి తొక్కని బల్లమీద అదిమి చూడు,
చిరక్కుండా పడుకోదు.
ఒక సూత్రం కోణాలు కాపాడి వైశాల్యాలు తినేస్తుంది,
ఇంకోటి వైశాల్యం కాపాడి
దేశాల మూతులు సాగదీస్తుంది.
ఏది పోతే పర్లేదో ముందే తేల్చుకోవాలి.

నేను చూపాల్సింది తిమింగలాల దారి.
అంచుల దగ్గర సముద్రం తెగితే ఏమైంది,
నీళ్ళే కదా, అనుకున్నాను.

పక్క బల్ల లితియా, బొమ్మలకి రంగులేసే మనిషి,
కుడి కొసన ఓ చుక్క మీద వేలు పెట్టింది.
"ఇది మా అమ్మమ్మ కొబ్బరితోట."
అదే వేలు తెరంతా దాటుకుంటూ
ఎడమ కొసకి పోయింది.
"ఇది మా అమ్మమ్మ వంటిల్లు."

టావెయుని దీవి.
నూట ఎనభయ్యో రేఖ దాని నడుం మీదుగా పోతుంది.
నవ్వబోయి ఆగిపోయాను.

రొటేట్ అన్నచోట సున్నా చెరిపి
మైనస్ నూట నలభై ఏడు కొట్టాను.
భూమి తిరగలిలా కదిలింది.
హోబార్ట్ నడిమధ్యకొచ్చింది.
తోటా వంటిల్లూ ఒక్కచోటికి చేరాయి.
లితియా ఏమీ అనలేదు. టీ పెట్టడానికి లేచింది.

చిరుగు ఇప్పుడు
గ్రీన్‌లాండ్ మంచు మీదుగా పోతోంది.
వేలు పెట్టి చూపించడానికి
అక్కణ్ణించి ఈ గదికి ఎవరూ రాలేదు.

సేవ్ నొక్కలేదు.
కర్సర్ని కాసేపు
అలాగే మిణుకుమననిచ్చాను.